స్ట్రైకర్ ప్రత్యర్థి క్లబ్‌కి వెళ్తున్నాడట: ఆ పుకారు మీద సరిగ్గా వాదించుకోవడం ఎలా

జూన్ వచ్చిందంటే బెంగళూరు మారతహళ్ళి నుంచి బెల్లందూరు దాకా ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న తెలుగు కుర్రాళ్ళ ఫ్లాట్లన్నిటిలో ఇదే గొడవ. "మీ స్ట్రైకర్ మా క్లబ్‌కి వస్తున్నాడ్రా" అని ఒకడు ఫోన్ చూపిస్తాడు, ఇంకొకడు "చచ్చినా రాడు" అంటాడు, ఐదు నిమిషాల్లో వాదన "వాడొక ద్రోహి" దగ్గరకొచ్చి ఆగిపోతుంది. నాకు ఈ వాదన చాలా ఇష్టం, అందుకే అది అలా ఆగిపోతే బాధేస్తుంది. విధేయత సంగతి తర్వాత. ముందు అడగాల్సింది ఒక్కటే: వాడి ఒప్పందం ఇంకా ఎన్నేళ్ళుంది?

ప్రత్యర్థికి తన స్ట్రైకర్‌ని ఇష్టపడి అమ్మే క్లబ్ దాదాపు ఉండదు. అమ్మిందంటే వేరే దారి లేక అమ్మిందనే అర్థం, ఆ దారి మూసుకుపోయేది ఎక్కువగా ఒప్పందం చివరి ఏడాదిలోనే, ఎందుకంటే ఒప్పందం ముగిసిపోతే ఆటగాడు క్లబ్‌కి పైసా రాకుండా వెళ్ళిపోవచ్చు. 2012లో వాన్ పెర్సీ ఆర్సెనల్‌తో ఒప్పందం పొడిగించుకోనని జూలైలోనే బహిరంగంగా చెప్పేశాడు, ఒక్క ఏడాదే మిగిలింది, ఆగస్టులో సుమారు 2.4 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్ళిపోయాడు, ఆ సీజన్‌లో 26 లీగ్ గోల్స్ కొట్టి టైటిల్ కూడా తెచ్చిపెట్టాడు. లెవాండోవ్‌స్కీ ఇంకా ఘోరం (డార్ట్‌మండ్‌ వాళ్ళకి). చివరి ఆర్నెల్లలో 2014 జనవరిలోనే బాయర్న్‌తో సంతకం చేసుకుని, సీజన్ అయ్యేదాకా డార్ట్‌మండ్‌కే గోల్స్ కొట్టి వెళ్ళాడు. డార్ట్‌మండ్‌కి పైసా రాలేదు. కాబట్టి ఎవరైనా పుకారు చెప్తే ఒప్పందం ఏ ఏడాదితో ముగుస్తుందో చూడండి. నాలుగేళ్ళు మిగిలి ఉంటే ఆ పుకారు నిజమని చూపించాల్సిన భారం చెప్పినవాడిదే.

రెండోది రిలీజ్ క్లాజ్, అంటే ఆటగాణ్ణి వదిలేయడానికి ఒప్పందంలోనే ముందుగా రాసిపెట్టిన ధర. స్పెయిన్‌లో ఇది అందరికీ ఉంటుంది, ఆ మొత్తం కడితే క్లబ్ వద్దన్నా ఆపలేదు, 2000లో ఫిగో బార్సిలోనా నుంచి రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళింది అలాగే. ఇటలీలో హిగ్వాయిన్ నాపోలీకి ఒకే లీగ్ సీజన్‌లో 36 గోల్స్ కొట్టి, 2016లో 9 కోట్ల యూరోలకు యువెంటస్‌కి పోవడానికి కూడా ఆ క్లాజే కారణం. ఇంగ్లండ్‌లో మాత్రం ఇది అందరికీ ఉండదు, కాబట్టి "క్లాజ్ ఉందంట" అని ఎవరైనా అంటే ఎవరు రాశారో అడగండి.

మూడోది ఆటగాడే మొండికేయడం. 2025లో ఇసాక్‌కి న్యూకాసిల్‌తో ఇంకా మూడేళ్ళ ఒప్పందం ఉంది, నేను పైన చెప్పిన లెక్క ప్రకారం కదలకూడదు. కానీ అతను ప్రీ సీజన్ టూర్‌కి వెళ్ళలేదు, ఆగస్టులో బహిరంగంగా ప్రకటన కూడా ఇచ్చాడు, చివరికి విండో (క్లబ్బులు ఆటగాళ్ళని కొనుక్కోవడానికి ఇచ్చే గడువు) ఆఖరి రోజు 12.5 కోట్ల పౌండ్లకు లివర్‌పూల్ కొనుక్కుంది. అప్పుడు కూడా న్యూకాసిల్ వోల్టెమాడే అనే ఇంకో స్ట్రైకర్‌ని తెచ్చుకున్నాకే వదిలింది. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం: అమ్మే క్లబ్‌కి బదులు స్ట్రైకర్ దొరికాడా లేదా అన్నది పుకారు కంటే ముందు నిజం చెప్పేస్తుంది. 2011 జనవరి 31న టోరెస్ 5 కోట్ల పౌండ్లకు చెల్సీకి వెళ్ళిన రోజే లివర్‌పూల్ యాండీ కారోల్‌ని, సువారెజ్‌ని తీసుకుంది. అందుకే మీ స్ట్రైకర్ గురించి వార్త వస్తే మీ క్లబ్ ఇంకెవరి కోసం బేరమాడుతోందో చూడండి, అక్కడ కదలిక లేకపోతే టెన్షన్ పడనక్కర్లేదు.

ఇక వార్త ఎవరు బయటపెట్టారు, వాళ్ళకేం లాభం? నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఫుట్‌బాల్‌లో జీతం పెంచుకోవడానికి పొగ పెట్టే ఏజెంట్లు చాలామంది ఉన్నారు, దానికి ప్రత్యర్థి క్లబ్ పేరుని మించింది లేదు. 2010 అక్టోబర్‌లో రూనీ యునైటెడ్ వదిలేస్తానన్నాడు, ప్రత్యర్థి మాంచెస్టర్ సిటీకే వెళ్తాడని ఊరంతా మోగిపోయింది, రెండు రోజులకి యునైటెడ్‌తోనే కొత్తగా ఐదేళ్ళ ఒప్పందం చేసుకున్నాడు. "పర్సనల్ టర్మ్స్ ఓకే అయిపోయాయి" (అంటే ఆటగాడికి జీతం కుదిరింది) అనే మాట కూడా సాధారణంగా ఆటగాడి వైపు నుంచి ఉప్పందిందే. రెండు క్లబ్బులకి ధర కుదరకపోతే ఆ మాటకి విలువ లేదు.

గ్రూపులో స్క్రీన్‌షాట్ పడగానే జూమ్ చేయండి. అకౌంట్ పేరు చివర ఒక అక్షరం ఎక్కువ ఉందేమో, మధ్యలో అండర్‌స్కోర్ దూరిందేమో, తేదీ కనిపించకుండా కింద కత్తిరించారేమో చూడండి. నీలం టిక్‌ని నమ్మకండి, అది డబ్బు కడితే వస్తుంది. బదిలీ వార్తల జర్నలిస్టు ఫాబ్రిజియో రొమానో "హియర్ వీ గో" (డీల్ ఖాయమని అతను చెప్పే మాట) అన్నాడని ఫొటో వస్తే అతని పేజీకే వెళ్ళి ఆ పోస్టు ఉందో లేదో చూడండి, ఇంగ్లండ్ క్లబ్బుల సంగతైతే ఇంకో జర్నలిస్టు ఆర్న్‌స్టీన్ ఏమన్నాడో కూడా.

ధర మీద వాదించేటప్పుడు మొత్తం గోల్స్ చెప్పి గెలిచేయొద్దు. పెనాల్టీలు తీసేసి, 90 నిమిషాలకి ఎన్ని వస్తున్నాయో లెక్కేయండి, గత రెండు సీజన్లలో గాయాలు చూడండి. టోరెస్ లివర్‌పూల్‌కి 142 మ్యాచ్‌ల్లో 81 గోల్స్ కొట్టినవాడు, చెల్సీకి 172 మ్యాచ్‌ల్లో 45 దగ్గర ఆగాడు. అతను వెళ్ళేనాటికి వయసు 26 మాత్రమే, కానీ మోకాలి గాయాలు అప్పటికే ఉన్నాయి. అలాగే 10 కోట్ల పౌండ్లు అనగానే గుండె పట్టుకోకండి, ఐదేళ్ళ ఒప్పందమైతే కొన్న క్లబ్ ఖాతాలో ఏడాదికి 2 కోట్లే రాసుకుంటుంది.

మన కంఠీరవ స్టేడియం కబుర్లకి ఈ లెక్క కొంచెం మారుతుంది. ఐఎస్ఎల్‌లో (మన ఇండియన్ సూపర్ లీగ్‌లో) విదేశీ స్ట్రైకర్లకి ఎక్కువగా ఒకటి రెండేళ్ళ ఒప్పందాలే, అందుకని ధర గురించి కాదు, ఒప్పందం ముగిసే నెల గురించి మాట్లాడుకోవాలి. డయామంటకోస్ 2023-24లో కేరళ బ్లాస్టర్స్ తరఫున గోల్డెన్ బూట్ (ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే అవార్డు) గెలిచి, ఒప్పందం అవగానే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. ఓగ్బెచే కథ అయితే మనవాళ్ళకి ఎప్పుడూ తీపే: బ్లాస్టర్స్‌లో మెరిసి, ముంబై మీదుగా హైదరాబాద్‌కి వచ్చి, 2021-22లో 18 గోల్స్ కొట్టాడు, ఆ ఏడాది ఫైనల్లో హైదరాబాద్ ఓడించింది బ్లాస్టర్స్‌నే. బెంగళూరు, కేరళ అభిమానుల మధ్య కూర్చుని ఈ మాట ఎత్తేటప్పుడు మాత్రం పక్కన ఎవరున్నారో చూసుకోండి, 2023 మార్చిలో బెంగళూరు ఆటగాడు ఛెత్రీ బ్లాస్టర్స్ సిద్ధం కాకముందే ఫ్రీకిక్ కొట్టి గోల్ చేసిన గొడవ ఎవరూ మర్చిపోలేదు.

విండో ఆఖరి రాత్రి సంగతి. 2025 వేసవిలో ఇంగ్లండ్ గడువు మనకి రాత్రి 11:30కి ముగిసింది. గడువుకి ముందే డీల్ షీట్ (బేరం కుదిరిందని లీగ్‌కి పంపే కాగితం) పంపితే మిగతా కాగితాలకి ఇంకో రెండు గంటలు ఇస్తారు, అందుకని 11:31కి "అయిపోయింది, గెలిచాం" అని అరవకండి. పొద్దున ఆఫీసుంటే పడుకోండి, రెండు క్లబ్బులూ తమ సొంత పేజీల్లో ప్రకటించాకే పందెం డబ్బులు ఇవ్వండి.