చేతిలో ఉన్న కేసుకి పరిశోధనను ఎలా వాడుకోవాలి

పరిశోధన పేపర్లు చదివే తీరిక ఎక్కడిది, ఉన్న కేసులే తెమలడం లేదు అని సోషల్ వర్కర్లు అంటుంటారు, అది నిజమే. అయినా చదవాలని నేను పట్టుబట్టేది ఒక పాత సంగతి వల్ల. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1939లో కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అనే ప్రాజెక్టు మొదలైంది. 506 మంది అబ్బాయిలను పోలికలు చూసి జంటలుగా చేసి, నాణెం ఎగరేసి, ప్రతి జంటలో ఒకరికి ఏళ్ల తరబడి సాయం అందించారు. ఇంటికొచ్చి మాట్లాడే కౌన్సెలర్, చదువులో తోడ్పాటు, వైద్యం, వేసవి క్యాంపులు, అన్నీ. జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్ల వివరాలన్నీ వెతికి పట్టుకుని, 1978లో ఫలితాలు ప్రచురించారు. సాయం అందుకున్నవాళ్లలో చాలామంది మాకు మేలు జరిగిందనే చెప్పారు. రికార్డులు తిరగేస్తే మాత్రం, రెండోసారి నేరం చేయడం, తాగుడుకు బానిసవడం, తొందరగా చనిపోవడం లాంటివి సాయం అందనివాళ్లకంటే వీళ్లలోనే ఎక్కువ. జంటలోని ఆ రెండో అబ్బాయి లెక్కలో లేకపోయుంటే ఇది బ్రహ్మాండమైన ప్రాజెక్టుగా మిగిలిపోయేది.

సరే, మీ కేసు దగ్గరికి వద్దాం.

ముందు ప్రశ్న సరిగ్గా రాసుకోండి, సగం పని ఇక్కడే అయిపోతుంది. 'పిల్లలను కొట్టే తల్లిదండ్రులను ఏం చేయాలి' అని వెతికితే వేల పేపర్లు వచ్చి పడతాయి, ఒక్కటీ పనికిరాదు. 'ఒంటరిగా ఇద్దరు చిన్నపిల్లలను పెంచుతూ కోపంలో చేయి చేసుకుంటున్న తల్లికి, ఇంటికెళ్లి దగ్గరుండి నేర్పిస్తే, ఊరికే సలహాలు చెప్పి వదిలేయడంకంటే, ఆరు నెలల్లో కొట్టడం తగ్గుతుందా' అని రాయండి. ఎవరికి, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏం మారాలి. ఈ నాలుగూ లేకపోతే వెతకడం మొదలుపెట్టకండి.

వెతికేటప్పుడు విడి పేపర్ల జోలికి తర్వాత వెళ్లొచ్చు, ముందు సిస్టమాటిక్ రివ్యూలు చూడండి, అంటే ఒక విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నింటినీ ఒక పద్ధతిలో జల్లెడ పట్టినవి. సామాజిక రంగానికి క్యాంప్‌బెల్ కొలాబరేషన్ అనే సంస్థ వాళ్ల రివ్యూలు ఉచితంగానే దొరుకుతాయి, ఆరోగ్యం, మానసిక సమస్యలకైతే అలాంటిదే కోక్రేన్ అనే సంస్థ ఉంది, మిగతాదానికి పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్. డబ్బు కట్టమని అడిగిన పేపరుంటే దాని రచయితకే ఒక మెయిల్ పెట్టి చూడండి, చాలామంది పంపిస్తారు.

ఒక్క జాగ్రత్త. మనకు నచ్చిన పద్ధతికి మద్దతు వెతుక్కోవడం చాలా తేలిక, కాబట్టి 'హాని', 'ప్రభావం లేదు' అనే మాటలకు ఇంగ్లీషు పదాలు వేసి కూడా వెతకండి. దారి తప్పుతున్న పిల్లలను జైలుకి తీసుకెళ్లి ఖైదీల చేత భయపెట్టించే 'స్కేర్డ్ స్ట్రెయిట్' అనే కార్యక్రమం గురించి విన్నారా? వినడానికి ఎంత బాగుంటుందో! 9 ప్రయోగాలను పరిశీలించిన క్యాంప్‌బెల్ రివ్యూలో, ఆ పిల్లలు ఏమీ చేయకుండా వదిలేసినవాళ్లకంటే ఎక్కువగా నేరాల్లోకి వెళ్లారని తేలింది.

పేపరు చేతికొచ్చాక చివరి పేరా చదివి మూసేయకండి, అందరూ చేసే తప్పు అదే. పరిశోధన ఎలా చేశారో చెప్పే భాగానికి వెళ్లండి. పోల్చడానికి ఇంకో గుంపు ఉందా, లేదా? ఇది ఎందుకంత ముఖ్యమంటే, మనుషులు మన దగ్గరికి వచ్చేది పరిస్థితి బాగా చేయిదాటినప్పుడు, అక్కడినుంచి కొందరు మనం ఏం చేసినా చేయకపోయినా కాస్త తేరుకుంటారు, ఆ తేరుకోవడాన్ని మన కౌన్సెలింగ్ ఖాతాలో వేసుకుంటాం. పోల్చే గుంపు ఉంటే ఆ భ్రమ తొలగుతుంది. తర్వాత మధ్యలో ఎంతమంది మానేశారో చూడండి, 100 మందితో మొదలై 40 మందితో ముగిస్తే మిగిలినవాళ్లు బాగుపడ్డారంటే ఏం నమ్ముతాం? ఏం కొలిచారు, ప్రవర్తన మారిందా లేక 'ప్రోగ్రాం నచ్చింది' అన్నారా? 'సగానికి తగ్గింది' అని కనిపిస్తే దేనిలో సగమో అడగండి, 100 మందిలో నలుగురు కాస్తా ఇద్దరైనా సగమే, 40 మంది 20 అయినా సగమే.

అంకెలే ప్రమాణం అనుకోవద్దు. క్లయింట్లు మూడో సెషన్ తర్వాత ఎందుకు రావడం మానేస్తున్నారనే ప్రశ్నకు లోతైన ఇంటర్వ్యూలతో చేసిన అధ్యయనమే జవాబు చెబుతుంది.

ఇక వాడటం. ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్, అంటే పరిశోధన ఆధారాలను బట్టి చేసే వైద్యం గురించి డాక్టర్ డేవిడ్ సాకెట్ బృందం 1996లోనే, పరిశోధనతోపాటు డాక్టరు అనుభవం, రోగి ఇష్టం కూడా కలవాలని రాసింది. మనకూ అంతే. క్లయింట్‌తో దాపరికం లేకుండా చెప్పండి: 'అమ్మా, మీలాంటి ఇబ్బందిలో ఉన్న చాలామందికి ఈ పద్ధతి పనికొచ్చింది, అందరికీ కాదు. వారానికి ఒకసారి ఇంటికొస్తాను, మీకు కుదురుతుందా?' కుదరదంటే రెండో మంచి పద్ధతి తీయండి, ఆవిడకు కుదరని ట్రైనింగ్ ఎంత గొప్పదైతే ఏం లాభం. పద్ధతిని మీ వీలుకి మార్చుకోవాల్సి వస్తే భాష, ఉదాహరణలు, టైం మార్చండి. అసలు పని చేసే భాగం, అంటే ఎదురుగా చేయించి అక్కడే సరిదిద్దడం లాంటిది, టైం లేదని కోసేస్తే అది ఆ పద్ధతే కాదు.

పిల్లవాడు ఇప్పుడే ప్రమాదంలో ఉంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టండి, ముందు భద్రత.

మొదలుపెట్టే ముందు కనీసం ఒక వారం, వీలైతే రెండు వారాలు, వారానికి ఎన్నిసార్లు చేయి చేసుకున్నారో ఆవిడ చేతే నోట్ చేయించండి, ఈ లెక్క లేకపోతే తర్వాత దేనితో పోలుస్తారు? ఆ తర్వాత ప్రతి వారం అదే లెక్క, అదే పుస్తకంలో. ఏ తేదీకి ఎంత తగ్గకపోతే పద్ధతి మారుస్తారో ఈరోజే కేసు ఫైల్లో రాసి సూపర్‌వైజర్‌కి చూపించండి. అప్పటికి ఆ కుటుంబం మీద మీకు అభిమానం పెరిగిపోయి ఇంకో నెల చూద్దాం అనిపిస్తుంది, అందుకే ముందే రాయమంటున్నాను.