వీడియో కాల్‌లో కర్రసాము నేర్పడం ఎలా?

మా మేనకోడలి కొడుక్కి పదేళ్ళు. ఉండేది న్యూజెర్సీలో. ఆ మధ్య డిసెంబరు సెలవులకు వచ్చినప్పుడు నేను డాబా మీద కర్ర తిప్పుతుంటే చూసి, "తాతయ్యా, నాకూ నేర్పవా?" అన్నాడు. ఉన్న పది రోజుల్లో ఏం నేర్పుతాం! ఫోన్‌లో నేర్పుతాలే అని మాటిచ్చి పంపించాను.

మొదటి క్లాసులోనే నా పని అయిపోయింది. నేను కుడి అంటే వాడు ఎడమకు తిప్పుతాడు. నేను "ఒకటి" అంటే అది వాడికి కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. వాడు వెయ్యగానే నాకు ఇంకాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, వాడి పాదాలు తెర మీద లేవు. నడుము నుంచి పైకే కనిపిస్తున్నాడు. ఎదురుగా ఉంటే భుజం పట్టుకుని తిప్పేవాణ్ణి, కాలితో కాలు జరిపేవాణ్ణి. ఇక్కడ నా చేతిలో ఉన్నది మాట ఒక్కటే, ఆ మాట కూడా అటు చేరేసరికి తిరగబడుతోంది. ఇప్పుడు ఆరుగురు పిల్లలకు నేర్పుతున్నాను. పడి లేచి కుదుర్చుకున్న పద్ధతి ఇది.

ముందే ఒక హద్దు గీసుకోండి

నిలబడటం, అడుగులు, కర్ర తిప్పడం, గాలిలో దెబ్బలు వేయడం వీడియోలో నేర్పవచ్చు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడం, అడ్డుకోవడం మాత్రం వద్దు. వేళ్ళ మీద పడే దెబ్బను ఆపడానికి మీరు అక్కడ ఉండరు. ఈ మాట మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పేయండి. ఫలానా నెలకల్లా పోటీలకు పంపిస్తారా అని అడిగేవాళ్ళు అక్కడే ఆగిపోతారు, అదీ మంచిదే.

సర్టిఫికెట్ సంగతి కూడా తప్పకుండా అడుగుతారు. రంగుల బెల్టులు మనవి కావు. 1882లో జపాన్‌లో కోడోకాన్ అనే జూడో బడి స్థాపించిన జిగొరో కానో జూడోలో అంతస్తులు, అంటే ర్యాంకులు పెట్టాడు. ఆ పద్ధతే తర్వాత కరాటేకు పాకింది. కర్రసాము నేర్పే మన వస్తాదులు బెల్టు కట్టి ఎరగరు. ఫలానా గురువు దగ్గర నేర్చుకున్నాడు అన్న మాటే అప్పట్లో సర్టిఫికెట్.

కర్ర

గుల్ల వెదురు కాకుండా లోపల నిండుగా ఉన్న గట్టి వెదురు తీసుకోవాలి. నేల మీద నిలబెడితే కనుబొమల దాకా రావాలి. గుప్పిట బిగిస్తే బొటనవేలు వచ్చి మధ్యవేలి మీద కూర్చోవాలి. కూర్చోలేదంటే ఆ చేతికి కర్ర లావైపోయినట్టే. కణుపుల దగ్గర ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, కాస్త నూనె పట్టించి ఒక రోజు నీడలో ఉంచండి. పేడు గుచ్చుకున్న పిల్లవాడు మళ్ళీ వారం దాకా కర్ర ముట్టుకోడు.

విదేశాల్లో పిల్లలకు వెదురు కర్ర అంత సులువుగా దొరకదు. ఈతకొలనుల్లో పిల్లలు పట్టుకుని తేలుతారే, ఆ స్పాంజి గొట్టం తెప్పించండి. మొదటి రెండు నెలలకు అది కర్ర కంటే మేలు. తల మీద పడినా నవ్వొస్తుంది తప్ప బొప్పి కట్టదు. ఇక్కడి పిల్లలకైతే పాత పేపర్లు గట్టిగా చుట్టి టేపు వేసినా చాలు.

ఇక అసలు పని. కర్ర ఒక కొనకు ఎర్ర టేపు, ఇంకో కొనకు పసుపు టేపు జానెడు మేర చుట్టండి. మీ కర్రకూ అవే రంగులు. క్లాసు సగం ఈ రంగుల మీదే నడుస్తుంది.

చోటు, ఫోను

కర్ర పట్టుకుని చెయ్యి చాచి చుట్టూ ఒకసారి తిరగమనండి. దేనికీ తగలకూడదు. ఆ తర్వాత పైకి చూడమనండి. పక్కలకు చూసినంత శ్రద్ధగా పైకి ఎవరూ చూడరు. మా ఇంట్లో ఒక ట్యూబ్‌లైటు ఈ విద్యకు బలైంది, అది పిల్లల వల్ల కాదు, నా వల్లే. ఫ్యాను ఉన్న గదిలో తిప్పనివ్వకండి. డాబా మీదైతే పిట్టగోడకు దూరంగా ఉండాలి.

ఫోన్‌ను అడ్డంగా, నడుము ఎత్తున, పది పన్నెండు అడుగుల దూరంలో పెట్టించండి. పాదాలూ కర్ర పై కొనా రెండూ కనిపించాలి. రెండూ పట్టకపోతే పై కొనను వదిలేసి పాదాలు ఉంచండి. చేతుల్లో తప్పుంటే కర్ర తిరిగే తీరే చెప్పేస్తుంది, కాళ్ళలో తప్పుంటే పాదాలు చూస్తే తప్ప తెలియదు.

వెలుతురు పిల్లవాడి ముందు నుంచి పడాలి. మసక వెలుతురులో కర్ర అలికేసినట్టు కనిపిస్తుంది. ఇంకో చిత్రం ఏమిటంటే, వేగంగా తిరిగే కర్ర ఫోన్‌లో విల్లులా వంగి కనిపిస్తుంది. కెమెరా బొమ్మను పైనుంచి కిందికి వరస వరసగా తీస్తుంది, ఈలోగా కర్ర కదిలిపోతుంది, అందుకని ఆ వంపు. ఇది తెలియక నేను ఒక పిల్లవాడికి "మణికట్టు వంచకురా" అని మూడు వారాలు చెప్పాను. వాడి మణికట్టు బాగానే ఉంది పాపం.

టైమూ ముందే మాట్లాడుకోండి. మన సాయంత్రం 7 గంటలంటే న్యూజెర్సీలో ఎండాకాలం ఉదయం 9:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు, అప్పటినుంచి అదే క్లాసు 8:30కి పడుతుంది. ఆ వారం సగం మంది రారు.

నాలుగు చుక్కలు

కుడి ఎడమల గొడవ తీరింది ముగ్గుపిండితో. నేల మీద నాలుగు చుక్కలు పెట్టించండి. వెనక వరసలో ఎడమది 1, కుడిది 2. ముందు వరసలో ఎడమది 3, కుడిది 4. పక్కపక్క చుక్కల మధ్య భుజాల వెడల్పు, ముందు వెనక చుక్కల మధ్య ఒక అడుగు వేసినంత దూరం. కార్పెట్ ఉన్న ఇళ్ళలో రంగు టేపు ముక్కలు అంటించుకోవచ్చు. మీరూ అలాగే పెట్టుకుని, కెమెరాకు వీపు పెట్టి నిలబడండి. ఎదురుగా నిలబడి చూపించారంటే మీ కుడి వాళ్ళకు ఎడమ వైపు కనిపిస్తుంది. వీపు పెడితే ఆ తిప్పలు ఉండవు. గురువు వీపు చూపించడమేమిటని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు కూడా, తర్వాత ఆయనే అలవాటుపడ్డారు.

మొదటి రెండు వారాలు కర్ర గోడకే. 1, 2 మీద నిలబడి మోకాళ్ళు కొద్దిగా వంచాలి. "ఎడమ 3" అంటే ఎడమ కాలు 3 మీదికి, మళ్ళీ 1కి. "కుడి 4" అంటే కుడి కాలు 4 మీదికి, మళ్ళీ 2కి. తల ఎత్తు మారకూడదు. తల మీద చిన్న పుస్తకం పెట్టి వెయ్యమంటే పిల్లలకు అదో ఆట. పిల్లలు విసుక్కుంటారు, తల్లిదండ్రులు ఇంకా విసుక్కుంటారు. మీరు మాత్రం లొంగకండి. దండీలు, బస్కీలు తీయించాక గాని కర్ర చేతికివ్వని వస్తాదుల ముందు రెండు వారాలు ఎంత?

అంకెలు మీరు లెక్కపెట్టకండి. పిల్లవాణ్ణే గట్టిగా లెక్కపెట్టమనండి. అప్పుడు వాడి అంకె, వాడి అడుగు రెండూ కలిసే మీ దగ్గరికి వస్తాయి. అందరూ ఒకేసారి వేస్తే ఆరు గొంతులు ఆరు వైపుల నుంచి వస్తాయి కాబట్టి, ఒకరు లెక్కపెడుతుంటే మిగతావాళ్ళ మైకులు ఆపించండి.

మొదటి తిప్పు

కర్రను నడుము ముందు అడ్డంగా, రెండు చేతులతో పట్టుకోవాలి. చేతుల మధ్య భుజాలంత దూరం. ఎర్ర కొన ఎడమ పక్క, పసుపు కొన కుడి పక్క. ఇప్పుడు ఎర్ర కొన ముందుకు వెళ్ళి ఎడమ మోకాలి పక్కగా కిందికి దిగి వెనక్కి పోవాలి. అది లేస్తుండగా పసుపు కొన ముందుకొచ్చి కుడి మోకాలి పక్కగా దిగాలి. ఎర్ర, పసుపు, ఎర్ర, పసుపు. పడవలో కూర్చుని ఇటొకటి అటొకటి తెడ్డు వేస్తున్నట్టు ఉంటుంది. నెమ్మదిగా ముప్పై సార్లు.

ఇది కుదిరాక రెండు చేతులనూ వారానికి ఒక బెత్తెడు చొప్పున దగ్గరికి జరిపించండి. చివరికి రెండు గుప్పిళ్ళూ కర్ర మధ్యలో ఆనుకుంటాయి. అప్పటికి కర్ర గాలిలో పడుకున్న ఎనిమిది అంకెలా తిరుగుతుంటుంది. ఆ తర్వాతే ఎడమ చెయ్యి వదలాలి. మొదటి రోజే ఒంటి చేత్తో గిరగిరా తిప్పించేస్తే చూడటానికి బాగానే ఉంటుంది, కానీ భుజం బిగిసిపోయి ఆ బిగింపు ఏళ్ళ తరబడి వదలదు. నా సొంత అనుభవం.

తప్పు పట్టుకోవడం చాలా తేలిక. ఎర్ర కొన పిల్లవాడి కుడి పక్క కనిపించిందంటే తిప్పు తప్పినట్టే. మోచేతులు పక్కటెముకలకు అంటుకుపోతున్నాయేమో కూడా చూడండి.

తప్పు చెప్పే తీరు

లైవ్ క్లాసులో సగం తప్పులు కనిపించవు. వారానికోసారి 20 సెకన్ల వీడియో తీసి పంపమనండి, వీలైతే స్లో మోషన్‌లో. చూసి ఒకటంటే ఒక్క తప్పే చెప్పండి. "9వ సెకనులో కుడి కాలు 4 దాటిపోయింది" అంటే పదేళ్ళ పిల్లవాడికైనా అర్థమవుతుంది. "ఇంకాస్త బలంగా, ఒడుపుగా వెయ్యి" అంటే ఎవరికీ అర్థం కాదు. ఐదు తప్పులు కనిపిస్తే కాళ్ళలో ఉన్నదాన్ని ముందు చెప్పండి, మిగతా నాలుగింటిలో రెండు దాంతోనే సర్దుకుంటాయి. పిల్లల వీడియోలు తల్లిదండ్రుల్ని అడగకుండా మరొకరికి పంపించకండి, బాగా చేసినవైనా సరే.

పెద్దల చర్చలు

పిల్లల కంటే వాళ్ళ నాన్నలతో ఎక్కువ ఓపిక కావాలి. మాదే గొప్ప, తమిళుల కర్రవిద్య సిలంబం మా నుంచే పోయింది, కాదు మీదే వాళ్ళ నుంచి వచ్చింది, ఇలా మొదలవుతుంది. కేరళ కళరిపయట్టులో కర్ర ఉంది, పంజాబీల గత్కాలో కర్ర ఉంది. పొలం, పశువులు ఉన్న ప్రతి చోటా మనిషి చేతిలో కర్ర ఉంది. బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు దక్షిణాది నుంచి వెళ్ళి చైనాలో షావొలిన్ మఠం వాళ్ళకు యుద్ధవిద్య నేర్పాడన్న పోస్టు కూడా ఎవరో ఒకరు తప్పకుండా పెడతారు. ఆ కథకు ఆధారంగా చూపించే చైనా పుస్తకం 17వ శతాబ్దం నాటిది, అప్పటికి ఆయన పోయి వెయ్యేళ్ళు దాటింది.

అలాంటప్పుడు నేను ఒకటే అడుగుతాను: "ఈ దెబ్బను మీ ఊళ్ళో ఏమంటారండీ? కాలు ఎక్కడ పెట్టమనేవారు?" ఊరికో పేరు బయటికొస్తుంది. పీర్ల పండుగకు తిప్పిన తాతలు, దసరా ఊరేగింపులో తిప్పిన మేనమామలు గుర్తుకొస్తారు. ఒకాయన ఏకంగా లేచి చీపురు కర్రతో చూపించారు. పేర్లు ఏవైనా సరే, 3 నుంచి 4కి అని చుక్కల్లో రాసుకుంటే అందరికీ ఒకే అడుగు అర్థమవుతుంది.

మూడో నెల

మూడో నెలలో చుక్కలు చెరిపించేయండి. మొదట 3, 4 తీసేసి, వారం తర్వాత 1, 2. నేను చెరిపించలేదు. మొన్న డిసెంబరులో మావాడు మళ్ళీ వచ్చాడు. తెల్లారగానే కర్ర తీసుకుని డాబా ఎక్కి, కింద చూసి ఆగిపోయాడు. "తాతయ్యా, చుక్కలేవి?"

కిందికెళ్ళి ముగ్గు గిన్నె తెచ్చాను. నాలుగు కాదు, రెండే పెట్టాను.