అకేడియా పార్కులో కార్లు లేని కంకర రోడ్ల మీద సైకిల్ తొక్కాలంటే ఎలా?

అమెరికాలో మెయిన్ రాష్ట్రం వెళ్ళినోళ్ళు అకేడియా నేషనల్ పార్క్ అనగానే క్యాడిలాక్ కొండ మీద సూర్యోదయం గురించే చెప్తారు, నన్నడిగితే మాత్రం అక్కడ అసలు మజా క్యారేజ్ రోడ్లలో ఉంది. ఆయిల్ కుబేరుడి కొడుకు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ 1913 నుంచి 1940 దాకా గుర్రపు బగ్గీల కోసమని వేయించిన కంకర రోడ్లు ఇవి, పార్కు లోపల 45 మైళ్ళు, అంటే 72 కిలోమీటర్ల పైన ఉంటాయి, ఒక్క కారు కూడా రాదు. ఆయిల్ మీద వచ్చిన సొమ్ముతో కార్లు రాని రోడ్లు వేయించాడు చూడండి, అదో విచిత్రం. ఇంకో తమాషా ఏంటంటే ఇక్కడ తొక్కడం పెద్ద కష్టం కాదు, మన కారు ఎక్కడ పెట్టాలన్నదే అసలు తలనొప్పి, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు, చేరడం

ఈ రోడ్లు ఎక్కడానికి అందరూ వెళ్ళే ఈగిల్ లేక్, జోర్డాన్ పాండ్ చెరువుల దగ్గరి పార్కింగులు సీజన్‌లో పొద్దున్నే నిండిపోతాయి. పదింటికి తాపీగా వెళ్ళి చోటు కోసం చక్కర్లు కొట్టే బదులు పార్కు పక్కనే ఉన్న బార్ హార్బర్ ఊళ్ళో దిగి ఐలాండ్ ఎక్స్‌ప్లోరర్ బస్సు ఎక్కండి. టికెట్ లేదు, ఫ్రీ. ఊరి మధ్యలో విలేజ్ గ్రీన్ దగ్గర్నుంచి ఈగిల్ లేక్‌కి సైకిళ్ళు మోసుకెళ్ళే స్పెషల్ వ్యాన్ కూడా నడుపుతారు, అయితే బస్సులన్నీ అక్కడి ఎండాకాలం, అంటే జూన్ చివర నుంచి అక్టోబర్ మధ్య దాకానే, సైకిల్ వ్యాన్ ఇంకా ముందే ఆగిపోవచ్చు, ఆ ఏడాది టైమింగ్స్ చూసుకుని వెళ్ళండి. బస్సులో వచ్చినా సైకిల్ మీద వచ్చినా పార్కు పాస్ మాత్రం కావాలి, ముందే ఆన్‌లైన్‌లో కొనేయొచ్చు. కారు రిజర్వేషన్ గొడవ క్యాడిలాక్ శిఖరం రోడ్డుకే, ఈ రోడ్లకి లేదు.

సైకిల్ సంగతి

రేసింగ్ సైకిళ్ళకుండే సన్న టైర్లు వద్దు. 35 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే హాయిగా ఉంటుంది, హైబ్రిడ్ అయినా గ్రావెల్ బైక్ అయినా ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్) అయినా సరే, సస్పెన్షన్ అక్కర్లేదు. తారు రోడ్డు మీద పెట్టుకునే దానికంటే గాలి కాస్త తగ్గిస్తే చేతులకి కుదుపు తగ్గుతుంది. మీ దగ్గర లేకపోతే బార్ హార్బర్‌లో అద్దెకి దొరుకుతాయి. ఈ-బైక్ అయితే క్లాస్ 1 మాత్రమే, అంటే పెడల్ తొక్కితేనే మోటార్ సాయం చేసే రకం, థ్రాటిల్ తిప్పితే పోయేవాటికి అనుమతి లేదు. 16 ఏళ్ళలోపు పిల్లలకి మెయిన్ రాష్ట్ర చట్టం ప్రకారం హెల్మెట్ తప్పనిసరి, పెద్దాళ్ళూ పెట్టుకుంటే పోయేదేం లేదు.

ఏ లూప్?

మొదటిసారైతే ఈగిల్ లేక్ చుట్టూ తిరగండి, సుమారు 6 మైళ్ళు. తూర్పు ఒడ్డు సాఫీగా సాగుతుంది, పడమర వైపు ఎత్తుంటుంది. చెమటపట్టి నీళ్ళు చూడగానే దూకాలనిపిస్తుంది గానీ అది బార్ హార్బర్ తాగే నీరు, ఈత నిషేధం. చిన్నగా చాలనుకుంటే విచ్ హోల్ పాండ్ వైపు, కాకపోతే హల్స్ కోవ్ విజిటర్ సెంటర్ నుంచి ఎక్కితే మొదట్లోనే నిటారుగా ఉంటుంది, మొహమాటపడకుండా దిగి నెట్టుకెళ్ళండి, లేదా డక్ బ్రూక్ బ్రిడ్జి వైపు నుంచి రండి. కాళ్ళలో సత్తువుంటే ‘అరౌండ్ ద మౌంటెన్’ లూప్ పట్టుకోండి, దాదాపు 11 మైళ్ళు, ఎక్కుడు చాలాసేపు వదలదు, కానీ పైకెళ్ళాక చెట్ల సందుల్లోంచి సముద్రం, ద్వీపాలు కనపడతాయి, వాటర్‌ఫాల్ బ్రిడ్జి, హెమ్‌లాక్ బ్రిడ్జి పక్కపక్కనే వస్తాయి. బ్రిడ్జి మీద నుంచి ఊరికే దాటిపోవద్దు, ఆగి పక్క నుంచి చూస్తేనే ఆ రాతిపని తెలుస్తుంది.

దారి తప్పకుండా

ప్రతి కూడలిలో నంబర్ వేసిన కొయ్య స్తంభం ఉంటుంది, మ్యాప్‌లో అదే నంబర్ వెతికితే ఎక్కడున్నారో తెలిసిపోద్ది. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, అందుకని మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కాగితం మ్యాప్ ఇంకా మేలు. దక్షిణాన సీల్ హార్బర్ వైపు పార్కు బయట ప్రైవేటు స్థలంలో ఉన్న క్యారేజ్ రోడ్లలో సైకిళ్ళని రానివ్వరు, బోర్డు కనపడితే వెనక్కి తిరగాల్సిందే. నడక దారుల్లోకీ సైకిల్ తీసుకెళ్ళకూడదు.

తొక్కేటప్పుడు

రోడ్డు మధ్యలో కాస్త ఉబ్బెత్తుగా ఉండి వాన నీళ్ళు పక్క కాలవల్లోకి పోయేలా కట్టారు, అందుకే గట్టిగా ఉండే చోటు మధ్యలో, వదులు కంకర అంచుల్లో. పల్లంలో మలుపు వస్తుంటే స్పీడు మలుపులోకి వెళ్ళకముందే తగ్గించుకోండి, మలుపులో వంగిన తర్వాత ముందు చక్రం బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం జారిపోద్ది. స్పీడు లిమిట్ గంటకి 20 మైళ్ళు, నిజానికి జనం ఉన్నప్పుడు అది కూడా ఎక్కువే. ఇండియాలో ఎడమ పక్కన తొక్కిన అలవాటుంటే కొంచెం జాగ్రత్త, ఇక్కడ కుడిపక్క ఉండాలి, దాటేటప్పుడు ఎడమ నుంచి, అదీ ముందే గట్టిగా చెప్పి. దారి ఇవ్వాల్సింది ఎప్పుడూ సైకిల్ వాళ్ళే, నడిచేవాళ్ళకీ గుర్రాలకీ కూడా. గుర్రం విషయంలో బెల్ కొట్టకండి, బెదురుతుంది, బాగా స్లో చేసి మామూలు గొంతుతో పలకరించి, బగ్గీ తోలేవాళ్ళు రమ్మంటేనే పక్క నుంచి వెళ్ళండి.

నీళ్ళ బాటిళ్ళు రెండు, ఒక స్పేర్ ట్యూబు, పంపు పెట్టుకోండి, పంక్చర్ షాపులేం ఉండవు మరి. తిండి అంటే జోర్డాన్ పాండ్ హౌస్, అక్కడ పచ్చిక మీద కూర్చుని టీతో పాపోవర్లు (లోపల గుల్లగా పొంగిన బన్నుల్లాంటివి) తినడం 1890ల నుంచి ఉన్న ఆనవాయితీ, మధ్యాహ్నం క్యూ చాంతాడంత ఉంటుంది కాబట్టి టేబుల్ ముందే బుక్ చేసుకోవడం నయం.

మంచు కరిగే రోజుల్లో, అంటే వసంతం మొదట్లో, రోడ్డు మెత్తబడి పాడవుతుందని ఈ దారులన్నీ మూసేస్తుంటారు, ఏప్రిల్ ప్రయాణానికి టికెట్లు బుక్ చేసేముందు పార్కు వెబ్‌సైట్ ఒకసారి చూడండి. సాయంత్రం ఆఖరి బస్సు టైమ్ కూడా రాసిపెట్టుకోండి, అది పోతే ఊరిదాకా తిరిగి తొక్కాల్సిందే, అప్పటికి లైట్ లేకపోతే కష్టం.