ఎయిర్‌పోర్టు బస్సు రాలేదా? ముందు తేదీ చూడండి

పెళ్లివారు కావచ్చు, కాశీ వెళ్లే పెద్దవాళ్లు కావచ్చు, దుబాయ్ నుంచో అమెరికా నుంచో దిగే చుట్టాలు కావచ్చు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకు బస్సు మాట్లాడుకునే బృందాలకు వచ్చే ఇబ్బందులు పట్టుమని పది కూడా ఉండవు. మనుషులు మారతారు, బస్సులు మారతాయి, ఇబ్బంది మాత్రం అదే. బేరం ఎలా ఆడాలో, అడ్వాన్సు ఎంత ఇవ్వాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను. పని చెడినప్పుడు ఎక్కడ వెతకాలో మాత్రమే ఇక్కడ చెబుతాను.

అంతకంటే ముందు ఒక్క ప్రశ్న. బండి నడపబోయే డ్రైవర్‌తో మీరు స్వయంగా మాట్లాడారా? ట్రావెల్స్ ఆఫీసులో కూర్చునే కుర్రాడితో కాదు, ఓనర్‌తోనూ కాదు. డ్రైవర్‌తో. "ఓనర్ మనకు తెలిసినవాడేనండీ, చూసుకుంటానన్నాడు" అనే జవాబు విని విని విసుగొచ్చింది. రాత్రి ఒంటిగంటకు ఓనర్ నిద్రపోతుంటాడు. స్టీరింగ్ దగ్గర ఉండేది డ్రైవరే.

బయటికొచ్చాం, బస్సు కనబడటం లేదు

తొంభై పాళ్లు బస్సు వచ్చే ఉంటుంది, మీ కంటికి కనబడకపోవడమే. టెర్మినల్ ముందు పెద్ద బండిని నిలబెట్టనివ్వరు. ఎక్కించుకుని కదలాల్సిందే. అందుకని డ్రైవర్ పార్కింగ్‌లోనో ఇంకా దూరంగానో ఆపుకుని మీ ఫోన్ కోసం చూస్తుంటాడు. మీరేమో విమానం చక్రాలు నేలకు తగలగానే "దిగిపోయాం, వచ్చేయ్" అంటారు. అతను వస్తాడు. మీ సూట్‌కేసులు ఇంకా బెల్టు మీదికే రాలేదు. సెక్యూరిటీ వాళ్లు విజిల్ వేసి తోలేస్తారు. మళ్లీ చుట్టు తిరిగి రావాలి. ఈలోగా బృందంలో నలుగురు నాలుగు ఫోన్లు చేసి నాలుగు మాటలు చెబుతారు.

చేయాల్సింది ఇంతే. దిగగానే ఒక ఫోన్: "దిగాం, సామాన్ల కోసం చూస్తున్నాం, ఇంకా రావద్దు." ఆఖరి పెట్టె చేతికొచ్చాక రెండో ఫోన్. రెండూ ఒకరే చేయాలి, మిగతావాళ్ల దగ్గర డ్రైవర్ నంబరే ఉండకపోతే ఇంకా మేలు. ముందురోజు సాయంత్రం బండి నంబరు, డ్రైవర్ ఫోన్ నంబరు మరోసారి అడిగి తీసుకోండి. వారం కిందట ఇచ్చిన నంబరు వేరే డ్రైవర్‌ది అయి ఉండవచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో బండ్లు, డ్రైవర్లు చివరి పూట దాకా మారుతూనే ఉంటారు.

విదేశాల నుంచి వచ్చేవాళ్లయితే ఇంకో చిక్కు. హైదరాబాద్‌లో దిగి విమానం మారి విశాఖ వస్తారు. డ్రైవర్‌కు మాత్రం దుబాయ్–హైదరాబాద్ ఫ్లైటు నంబరు పంపిస్తారు. అతను ఫోన్‌లో చూసుకుంటే ఆ విమానం ఎప్పుడో దిగిపోయినట్టు ఉంటుంది. పంపాల్సింది విశాఖలో దిగే ఆఖరి విమానం నంబరు.

బస్సు అసలు బయల్దేరనే లేదు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మంచి ఓనరు, మంచి డ్రైవరు, కండిషన్‌లో ఉన్న బండి, ముందే కట్టిన అడ్వాన్సు, అన్నీ ఉండి కూడా బస్సు రాని కేసులు ఇవి. ఎవరూ మోసం చేయలేదు. ఎవరూ మరచిపోలేదు. తేదీ దగ్గర తేడా కొట్టింది.

టెక్కలి నుంచి ఒక యాత్రా బృందం అనుకోండి. 15వ తేదీ శనివారం ఉదయం 6.40కి విశాఖలో విమానం. చెకిన్ కౌంటర్ దాదాపు గంట ముందే మూసేస్తారు కాబట్టి నాలుగున్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. టెక్కలి నుంచి దారిలో ఒకటి రెండు చోట్ల మనుషుల్ని ఎక్కించుకుంటూ వెళ్లాలంటే రాత్రి ఒంటిగంటకు కదలాలి. బృందం పెద్దాయన టికెట్ ముందు పెట్టుకుని ఓనర్‌కు వాట్సాప్‌లో రాస్తాడు: "15వ తేదీ, రాత్రి 1 గంటకు, టెక్కలి బస్టాండు." ఓనర్ దాన్ని డ్రైవర్‌కు పంపుతాడు. డ్రైవర్ బొటనవేలు గుర్తు పెడతాడు. అందరూ నిశ్చింతగా ఉంటారు.

శుక్రవారం పడుకోకుండా, శనివారం ఇంకా తెల్లవారకుండా బృందమంతా బస్టాండులో పెట్టెలేసుకుని కూర్చుంటుంది. డ్రైవర్ ఇంట్లో హాయిగా నిద్రపోతుంటాడు. ఫోన్ చేసి లేపితే అతను అనే మాట: "15 రాత్రి అన్నారు కదండీ. రేపు రాత్రి కదా!"

అతని మాటలో తప్పేముంది? 15 రాత్రి అంటే మనందరి లెక్కలో 15 పగలు గడిచాక వచ్చే రాత్రే. పంచాంగంలో వారం మారేది సూర్యోదయానికి. టికెట్‌లో తేదీ మారేది రాత్రి 12కి. ఆ నడుమ ఉన్న ఐదారు గంటలు టికెట్‌కు శనివారం, మనిషికి ఇంకా శుక్రవారం రాత్రే. మన జిల్లాల నుంచి పొద్దుటి విమానాలకు వెళ్లే బస్సులు బయల్దేరేది సరిగ్గా ఆ గంటల్లోనే. విశాఖ వాళ్లకు ఈ బాధ అంతగా ఉండదు, వాళ్లు నాలుగున్నరకు లేచి వెళ్తారు. ఇచ్ఛాపురం, పలాస, పాలకొండ వాళ్లకే ఈ దెబ్బ.

రైల్వే టైములా 01.00 అని రాస్తే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు. గంట తెలుస్తుంది గానీ ఏ రాత్రో తెలియదు. ఏఎం, పీఎం రాసినా అంతే. 12.30 దగ్గర అవి ఇంకా తికమక పెడతాయి.

దీనికి మందు మన శుభలేఖల్లోనే ఉంది. అర్ధరాత్రి దాటిన ముహూర్తానికి "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం" అని అచ్చు వేయిస్తాం. ఆ కార్డు పట్టుకుని తప్పు రోజున పెళ్లికి వెళ్లినవాణ్ణి నేను చూడలేదు. బస్సుకూ అలాగే రాయండి:

"14 శుక్రవారం రాత్రి, తెల్లవారితే 15 శనివారం, 1 గంటకు, టెక్కలి బస్టాండు. విమానం 15 శనివారం ఉదయం 6.40."

విమానం సంగతి కూడా రాయడం ఎందుకంటే, డ్రైవర్‌కు ఏదైనా తేడా కొడితే తనే పట్టుకుంటాడు. అక్కడితో ఆగకండి. బొటనవేలు గుర్తుకు విలువ లేదు, చదవకుండానే పెట్టేస్తారు. ఫోన్ చేసి ఈ ఒక్క మాట అడగండి: "బాబూ, ఏ రోజు రాత్రి భోంచేసి బండి తీస్తావు?" "శుక్రవారం రాత్రి భోంచేసి వచ్చేస్తానండీ" అంటే పని అయినట్టు. "శనివారం" అన్నాడో, మీ అడ్వాన్సు, మీ టికెట్లు అన్నీ ఆ ఒక్క ఫోన్‌తో బతికినట్టే. "గుర్తుంది కదా?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరైనా "ఆఁ" అనే అంటారు.

ఎక్కించుకునే వైపు కూడా ఇదే జబ్బు వస్తుంది. అమెరికాలో శుక్రవారం ఎక్కినవాళ్లు విశాఖలో దిగేది చాలాసార్లు ఆదివారం. టికెట్ మీద పైన పెద్దగా కనబడేది ఎక్కే తేదీ. దిగే టైము పక్కన చిన్నగా +1 (మర్నాడు) అనో +2 (ఆ మర్నాడు) అనో ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. తేదీ ఎప్పుడూ ఆఖరి విమానం దిగే చోటే చూసుకోండి.

చెడిపోయాక చేతనైంది ఏమిటంటే, అర్ధరాత్రి ఓనర్‌తో తగువు పెట్టుకోకండి, అది తెల్లారాక చూసుకోవచ్చు. ముందు ఆ డ్రైవర్ ఇల్లు ఎంత దూరమో, బండి ఎక్కడుందో కనుక్కోండి. అరగంటలో రాగలిగితే రమ్మనండి, దారిలో ఎక్కాల్సినవాళ్లకు ఫోన్ చేసి హైవే మీదికే వచ్చేయమనండి. రాలేడంటే ఒకే బస్సు కోసం వెతక్కండి. కార్లు, టెంపో ట్రావెలర్లు ఏవి దొరికితే వాటిలో సర్దుకుని కదలండి. ఒకరు కూర్చుని అందరికీ వెబ్ చెకిన్ చేసేయాలి. పెట్టెల కౌంటర్‌కు అది సాయపడదు గానీ, చేతి సంచీతో వెళ్లేవాళ్లయినా గట్టెక్కుతారు.

బయల్దేరాం గానీ అందలేదు

దూరం లెక్క వేసుకుంటారు, ఆగే చోట్లు లెక్క వేయరు. సోంపేటలో ఆరుగురు, పలాసలో ఎనిమిది మంది, నరసన్నపేటలో ముగ్గురు, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో మిగతావాళ్లు. ఒక్కోచోట "ఐదు నిమిషాలే" అంటారు. పెట్టెలు ఎక్కించి, సాగనంపడానికి వచ్చిన అత్తయ్య కళ్లు తుడుచుకునేసరికి పావుగంట. ఊళ్లలోకి బస్సు తిప్పకండి. ఉద్దానం రోడ్లలో పెద్ద బండి వెనక్కి తిప్పడమే పెద్ద పని. హైవే మీదికే అందర్నీ రమ్మనండి.

దారి సంగతి ఆనందపురం దగ్గర తేల్చుకోవాలి. తెల్లవారుజామున అయితే మధురవాడ, మద్దిలపాలెం మీదుగా ఎయిర్‌పోర్టు దగ్గరి ఎన్ఏడీ కూడలికి నేరుగా పోవచ్చు. సాయంత్రం పూట ఆ దారిలో ఇరుక్కునే కంటే ఆనందపురం నుంచి పెందుర్తి వైపు తిరిగి, గోపాలపట్నం మీదుగా ఎన్ఏడీ చేరడం నయం. విజయనగరం నుంచి కొత్తవలస మీదుగా వచ్చేవాళ్లు పెందుర్తికి ఎలాగూ వస్తారు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మొదలయ్యే సింహాచలం గిరిప్రదక్షిణ వేళ మాత్రం ఏ దారీ దారి కాదు. హనుమంతవాక, ఎన్ఏడీ, గోపాలపట్నం అన్నీ భక్తులతో నిండిపోతాయి. ఆ పూట రెండు మూడు గంటలు ముందే బయల్దేరాలి. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం జరిగే మంగళవారం ఊరి నడుమ బస్సు ఎక్కుతామనుకోకండి. ఎక్కే చోటు ఊరి బయట పెట్టుకోండి.

ఎయిర్‌లైన్ టైము మార్చినట్టు మెసేజ్ వస్తుంది, కానీ అది టికెట్ తీసిన ఏజెంటు ఫోన్‌కు వెళ్తుంది. బయల్దేరే ముందు ఎవరో ఒకరు ఫ్లైటు నంబరు కొట్టి చూడాలి.

మనుషులు పట్టారు, సామాను పట్టలేదు

బస్సు మాట్లాడేటప్పుడు తలలు లెక్కపెడతారు. పెట్టెలు ఎవరూ లెక్కపెట్టరు. పదిహేడు సీట్ల ట్రావెలర్‌లో పదిహేడు మంది కూర్చుంటారు, పదిహేడు పెద్ద సూట్‌కేసులు మాత్రం పట్టవు. అమెరికా నుంచి వచ్చేవాళ్లు మనిషికి రెండేసి పెట్టెలు తెస్తారు. వెళ్లేవాళ్లతో పలాస జీడిపప్పు, పచ్చళ్ల డబ్బాలు సరేసరి. ఫోన్‌లో "డిక్కీ ఉందా, పైన క్యారియర్ ఉందా, తాడు, టార్పాలిన్ ఉన్నాయా" అని అడగండి. డిక్కీ లేదంటే ఒక సైజు పెద్ద బండి తీసుకుని వెనక సీట్లు సామానుకు వదిలేయండి.

బిల్లు అనుకున్నదానికంటే ఎక్కువొచ్చింది

రెండే కారణాలు. కిలోమీటర్లు మీరు ఎక్కిన చోటు నుంచి కాక షెడ్డు నుంచి షెడ్డుకు లెక్కేస్తారు. శ్రీకాకుళం బండిని ఇచ్ఛాపురం రప్పిస్తే ఆ ఖాళీ పరుగు కూడా మీదే. రెండోది, చాలామంది రోజును అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కడతారు. రాత్రి పదకొండుకు బండి తీస్తే రెండు రోజుల అద్దె, రెండు రోజుల బత్తా. పన్నెండు దాటాక తీస్తే ఒకటే. గంట తేడాతో పోయేదానికి వందలు, వేలు కట్టడం ఎందుకు, ముందే అడగండి. టోల్, పార్కింగ్ ఎవరివో కూడా. నాతవలస గేటు దగ్గర ఆ మాట మొదలుపెట్టకండి.

అరుదుగా వచ్చేవి

ఒడిశా నంబరు బండి చవగ్గా వచ్చిందని తీసుకుంటే, మన రాష్ట్రంలో తిరగడానికి పర్మిట్, టాక్సు కాగితాలు ఉన్నాయో లేదో చూసుకోండి. ఇచ్ఛాపురం వాళ్లు భువనేశ్వర్ ఎయిర్‌పోర్టుకు మన బండిలో వెళ్తున్నా అదే మాట, తిరగేసి. డ్రైవర్ పగలంతా పెళ్లి ట్రిప్పు కొట్టి వచ్చాడని తెలిస్తే రెండో డ్రైవర్‌ను అడగండి, ఇందులో మొహమాటం వద్దు. విమానం ఎక్కడికైనా మళ్లించారంటే డ్రైవర్‌కు ఆ మాట చెప్పి వెయిటింగ్ ఎంతో తేల్చుకోండి, అంతకుమించి మీ చేతిలో ఏమీ లేదు. భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టు పేరు వచ్చాక "ఎయిర్‌పోర్టు" అని ఊరుకోవడం కూడా కుదరదు. శ్రీకాకుళం నుంచి భోగాపురం దాదాపు సగం దూరమే, బయల్దేరే టైమే మారిపోతుంది. టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టు ఉందో చూసి, ఆ పేరే మెసేజ్‌లో తేదీ పక్కన రాయండి.