కంప్యూటర్‌తో ఇంట్లో హై-ఫై సంగీతం

కంప్యూటర్ ద్వారా మంచి సంగీతం వినాలనుకునేవారు ముందుగా డబ్బు పెట్టవలసింది స్పీకర్ల మీదే. పాటలను నిల్వ చేసి పంపడానికి పాత ల్యాప్‌టాప్ అయినా చాలు. దానికి యూఎస్‌బీ డాక్‌ను (డిజిటల్ పాటను యాంప్లిఫయర్ అందుకోగల అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం), డాక్‌కు యాంప్లిఫయర్‌ను, దానికి స్పీకర్లను కలపాలి. స్పీకర్ వైర్ల ప్లస్, మైనస్‌లు ఒకవైపు తారుమారైతే మృదంగంలోని మంద్రనాదం పలచబడి, గాత్రం మధ్యలో నిలవక చెదిరిపోతుంది.

సీడీలను ఫ్లాక్ ఫైళ్లుగా మార్చుకోవాలి. ఎంపీ3లా కాక, ఫ్లాక్ అసలు ధ్వనిలో ఒక్క బిట్‌నూ వదలదు. సీడీ ధ్వని 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్‌జ్‌లో, అంటే సెకనుకు 44,100 నమూనాలుగా ఉంటుంది. విండోస్ మాత్రం అన్ని శబ్దాలనూ తన మిక్సర్‌లో కలిపి, చాలాసార్లు 48 కిలోహెర్ట్‌జ్‌కు మార్చి పంపుతుంది. ఫూబార్2000 వంటి ప్లేయర్‌లో మిక్సర్‌ను దాటి పాటను నేరుగా డాక్‌కు పంపే వాసాపీ ఎక్స్‌క్లూజివ్ పద్ధతిని ఎంచుకుంటే ఈ మార్పిడి తప్పుతుంది, ఆలాపన మధ్యలో ఈమెయిల్ గంట మోగదు. నా దృష్టిలో ఖరీదైన కేబుళ్ల కన్నా పైసా ఖర్చు లేని ఈ సర్దుబాటే ఎంతో విలువైనది.

రెండు స్పీకర్లూ, వినేవారూ సమబాహు త్రిభుజంలా ఉండాలి. ట్వీటర్లు (స్పీకర్ పెట్టెలో తారస్థాయి ధ్వనులనిచ్చే చిన్న భాగాలు) చెవుల ఎత్తులో ఉండాలి. స్పీకర్లను గోడకు ఆనిస్తే మంద్రనాదం (బేస్) మితిమీరుతుంది. మన ఇళ్లలోని గ్రానైట్, టైల్స్ నేలలు ధ్వనిని ప్రతిఫలింపజేస్తాయి కాబట్టి స్పీకర్ల ముందు మందపాటి జంపఖానా పరవడం మంచిది.

స్పీకర్లలో సన్నని గుర్రు వినిపిస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను తీసి చూడాలి. అప్పుడు ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాలు ఒకటికి మించిన దారుల్లో ఎర్త్‌కు కలవడం వల్ల వచ్చే శబ్దం కావచ్చు. పరికరాలన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపి చూడాలి తప్ప, ఎర్త్ పిన్‌ను ఎన్నడూ తొలగించకూడదు.