వాక్యాన్ని మన వాడ నుంచి చదవడం – 4వ పాఠం: బావి దగ్గర కుండ ఎవరిది?

ఈ వారం గలతీ 3:28 మొదలుపెడదామని పోయిన పాఠం చివర చెప్పాను. మీరు రాసి పంపిన అభ్యాసాలు చదివాక బావి కథను అలా వదిలేసి ముందుకు పోవడానికి మనసు ఒప్పలేదు. యోహాను 4వ అధ్యాయం, అంటే బావి దగ్గర యేసు ఒక సమరయ స్త్రీని నీళ్లు అడిగే కథ, చదివి "ఈ కథలో ఎవరు దేన్ని ముట్టుకోకూడదు?" అనే ఒక్క ప్రశ్నకు జవాబు రాయమన్నాను. ముగ్గురు తప్ప అందరూ మొదటి వాక్యంలోనే ఆమెను "వ్యభిచారి అయిన సమరయ స్త్రీ" అనేశారు. నేను ముట్టుకోవడం గురించి అడిగితే మీరు ఆమె శీలం గురించి రాశారు. ఒక తమ్ముడైతే పేజీన్నర రాశాడు, అందులో నీళ్లు అనే మాటే లేదు.

కాబట్టి మళ్లీ బావి దగ్గరికే వెళ్దాం. యూదులకూ సమరయులకూ వైరం ఎలా వచ్చిందో చెప్పను, రెండో రాజులు 17వ అధ్యాయం చదివితే చాలు. పాత తెలుగు బైబిలే దగ్గర పెట్టుకోండి, నేను అదే వాడతాను. కొత్త అనువాదాలు సులభంగా ఉంటాయి గానీ, "పెనిమిటి", "చేదుకొనుట" లాంటి మాటలు వింటే మా అమ్మమ్మ గొంతు వినిపిస్తుంది నాకు. వ్యాఖ్యాన గ్రంథాలు ఇప్పుడే తెరవకండి. నేనెప్పుడూ వాటిని చివర్లోనే తెరుస్తాను, ముందే తెరిస్తే వాళ్లు చూసినవే మనకూ కనిపిస్తాయి.

అసలు ఆమె చెడ్డదని ఎక్కడుంది? వచనం చూపించండి. అయిదుగురు పెనిమిట్లు ఉండిరి, ఇప్పుడు ఉన్నవాడు పెనిమిటి కాడు, ఇంతే ఉంది 18వ వచనంలో. అయిదుగురు ఎందుకు పోయారో లేదు. ధర్మశాస్త్రంలో పరిత్యాగ పత్రం రాసిచ్చేది మగవాడు (ద్వితీయోపదేశకాండం 24:1). అంటే ఆమె అయిదుగురిని వదిలేసిందని కాకుండా, ఆమెనే వదిలేశారని చదవొచ్చు. లేదా వాళ్లు చనిపోయి ఉండొచ్చు. మార్కు 12లో సద్దూకయ్యులు అడిగిన ప్రశ్న గుర్తుందా? ఒక స్త్రీని ఏడుగురు అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు పెళ్లి చేసుకుని, అందరూ చనిపోతారు. ఆ ఏడుగురి భార్యను వ్యభిచారి అని ఏ ప్రసంగంలోనైనా విన్నారా? నేను వినలేదు. ఈమె విషయంలో అయిదుకే ఆ పేరు పెట్టేశాం.

ఇక మిట్టమధ్యాహ్నం సంగతి. "అప్పటికి ఇంచుమించు పండ్రెండు గంటలాయెను" అని ఉంది కదా, సిగ్గుతో ఎవరికీ కనపడకుండా ఆ వేళకు వచ్చిందని మీలో చాలామంది రాశారు. సాయంకాలం స్త్రీలు నీళ్లకు వచ్చే వేళ అని ఆదికాండం 24లో ఉంది, నిజమే. కానీ అదే ఆదికాండం 29లో రాహేలు బావి దగ్గరికి వచ్చేసరికి ఇంకా చాలా పొద్దుందని యాకోబు అంటాడు. రాహేలు పట్టపగలు ఎందుకొచ్చిందని ఆమె నడవడి గురించి ఎవరైనా ఆరా తీశారా? ఇంట్లో నీళ్లు అయిపోతే మధ్యాహ్నమైనా వెళ్లాల్సిందే, నీళ్లు మోసిన ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. పైగా ఆమె ఊళ్లోకి వెళ్లి చెబితే జనం ఆమె మాట విని బయలుదేరి వచ్చారు. ఊరు వెలేసిన మనిషి మాటకు ఊరు కదలదు.

ఒక పాస్టరమ్మగారు చాలా ప్రేమగా రాశారు: "పాపి అయితేనేం అమ్మా, ప్రభువు క్షమించాడు కదా, అదే ఆమెకు గౌరవం." మీ మనసు నాకు తెలుసు అమ్మా. కానీ ఆ సంభాషణలో ఆమె క్షమాపణ అడగలేదు, ఆయన క్షమించానని అనలేదు. యోహానుకు అలా రాయడం రాక కాదు. 5వ అధ్యాయంలో బాగుపడిన మగవాడితో, 8వ అధ్యాయంలో పట్టుకొచ్చిన స్త్రీతో, ఇక పాపం చేయవద్దని యేసు అంటాడు. ఇక్కడ అనడు. ఇక్కడ ఆమె ఎక్కడ ఆరాధించాలని అడుగుతుంది, ఆయన జవాబు చెబుతాడు. సువార్తల్లో యేసు ఒక మనిషితో ఇంతసేపు మాట్లాడింది చాలా అరుదు. అంత పెద్ద వేదాంత చర్చ చేసిన స్త్రీని మనం పశ్చాత్తాపం పాఠంలో కూర్చోబెట్టాం.

అయిదుగురు పెనిమిట్లంటే సమరయకు తెచ్చి ఉంచిన అయిదు జాతుల దేవుళ్లని చెప్పే పండితులూ ఉన్నారు. నాకది నచ్చదు. పాపి అని కాకపోతే గుర్తు అని, ఎలాగైనా ఆమెను మనిషి కాకుండా చేయడమే అది.

ఈ ఉచ్చు గురించి ఇంత ఎందుకు చెబుతున్నానంటే, దీన్ని నేను బావి దగ్గర ఒక్కచోటే చూడలేదు. వాడలో ఆడపిల్లకు అన్యాయం జరిగితే ముందు వచ్చే ప్రశ్న "ఆ పిల్ల ఎలాంటిది" అన్నదే. కూలి అడిగినవాడి గురించి వచ్చే మొదటి మాట "తాగుతాడు" అన్నది. అణిగినవాళ్ల నడవడిని విచారణకు పెట్టేస్తే, అణచినవాళ్ల గురించి అడగాల్సిన పని తప్పిపోతుంది. వాక్యం చదివేటప్పుడు ఆ అలవాటు మనతోనే వస్తుంది.

ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు. 9వ వచనం: యూదులు సమరయులతో సాంగత్యం చేయరు. అక్కడ ఉన్న గ్రీకు క్రియకు "కలిసి వాడుకోవడం" అనే అర్థం కూడా ఉంది, అందుకే "సమరయులు వాడిన పాత్రలు యూదులు వాడరు" అని కొందరు అనువదిస్తారు. వెంటనే 11వ వచనం చూడండి: "చేదుకొనుటకు నీకేమియు లేదు." ఆయన దగ్గర చేద లేదు, చెంబు లేదు. అంటే దాహం తీరాలంటే ఆమె కుండలోంచే తాగాలి, వేరే దారి లేదు. తీర్చమని ముందు అడిగింది ఆయనే.

దీన్ని యూరప్ పండితుడు పుస్తకంలో చదివి తెలుసుకోవాలి. మనకు ఆ అవసరం లేదు. మా ఊరి హోటల్లో మా నాన్న గ్లాసు చూరులో దోపి ఉండేది. ఆయనే తీసుకుని, పైనుంచి పోస్తే తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టి వచ్చేవాడు. రెండు గ్లాసుల పద్ధతి తెలిసినవాళ్లకు 9, 11 వచనాలు కలిపి చదవమని ఎవరూ చెప్పక్కర్లేదు. కారంచేడు గుర్తు చేసుకోండి. మాదిగలు తాగే నీళ్ల దగ్గర గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే వద్దన్నారు, ఒక స్త్రీ తన మీదికి వచ్చిన దెబ్బను ఆపడానికి చేతిలో బిందె ఎత్తింది. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. దాడికి గురైనవాళ్లలో ఎక్కువమంది యేసును నమ్మినవాళ్లే. ఆ బిందెను చూసినవాళ్లు ఈ కుండను చూడకుండా ఉండకూడదని నా కోరిక.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. "యూదులు అంటే మన పెత్తందారులు" అని రాసేయకండి. యేసు యూదుడు, ఆమె ఆయన్ని అలాగే పిలిచింది. ఆయన తన వాళ్ల అలవాటును దాటాడు తప్ప తన వాళ్లను తిట్టలేదు.

ఇప్పుడు గలతీ, కొద్దిగానే. "యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు" అనే వచనం మన సంఘాల్లో ఎప్పుడు వినిపిస్తుందో గమనించారా? ఎవరైనా కులం మాట ఎత్తినప్పుడు, వాళ్లను కూర్చోబెట్టడానికి. కానీ ఒక అధ్యాయం వెనక్కి వెళ్లండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేస్తూ, తన వాళ్లు రాగానే పంక్తిలోంచి లేచి పక్కకు పోయాడు. పౌలు అందరి ముందు ముఖాముఖి అడిగేశాడు (2:11–14). 3:28 ఆ భోజనం గొడవ చెప్పిన ఉత్తరంలోనే ఉంది. అంటే కులం ఊసెత్తకు అనడానికి కాదు, ఊసెత్తినవాడే రాసిన మాట అది.

"క్రీస్తులో కులం లేదు" అన్న మాటను ప్రభుత్వమూ వాడుకుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా చూడండి. హిందువులకే ఆ హోదా అని మొదలై, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రలో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ–సీలో, ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు. ఊళ్లో మాత్రం గుంటూరు వైపు లూథరన్ అంటే ఏ వాడవాళ్లో, ఒంగోలు వైపు బాప్టిస్టు అంటే ఏ వాడవాళ్లో అడక్కుండానే చెప్పేస్తారు.

ఈ చదువు కొత్తది కాదు. 1981లో బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగం దగ్గర దళిత వేదాంతం మొదలైందని చెబుతారు. అమెరికాలో 1969లోనే జేమ్స్ కోన్ నల్లవాళ్ల వైపు నుంచి వేదాంతం రాశాడు. అంతకన్నా ముందు మన ఒంగోలులోనే జరిగింది ఒకటి ఉంది. బ్రాహ్మణ పిల్లలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి బడికి వస్తున్న రోజుల్లో ఎర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగలు రావడం మొదలైంది. వీళ్లను చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్లు అన్నారు. దొరగారు ఒకచోట, దొరసాని ఇంకోచోట, ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ 1:26 వచ్చిందట. గొప్ప వంశంవాళ్లు అనేకులు పిలవబడలేదనే మాట. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ కథ మిషనరీల వైపు నుంచి మనకు వచ్చింది, అందుకే తెరుచుకున్న పేజీ గురించి చెబుతుంది. గుమ్మం దాకా నడిచి వచ్చిన పేరయ్య లేకపోతే ఆ వచనం ఆ రోజు అంత బరువుగా ఉండేది కాదని నేను అనుకుంటాను.

అభ్యాసం. ఈసారి వారం సరిపోదు, రెండు వారాలు తీసుకోండి. ఆదికాండం 16, 21 అధ్యాయాలు చేత్తో రాయండి, ఫోన్లో కాదు, నోటుబుక్కులో. శారయి దాసి హాగరును ఎవరు ఏమని పిలిచారో ప్రతిచోటా గీత గీయండి. అబ్రాము, శారయి నోట ఆమె పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మొదట పేరుతో పిలిచింది ఎవరు? దేవునికి పేరు పెట్టింది ఎవరు? తర్వాత 16:9 దగ్గర ఆగండి. యజమానురాలి దగ్గరికి తిరిగి వెళ్లు అంటాడు దూత. అమెరికాలో నల్లజాతి స్త్రీలు, ముఖ్యంగా వేదాంతి డెలోరెస్ విలియమ్స్, ఈ వచనం దగ్గర చాలాకాలం ఆగిపోయారు, ఎందుకంటే వాళ్ల ముందు తరాల ఆడవాళ్లు బానిసలు. దాన్ని తేలిక చేసే వివరణ వెతక్కండి. అది మీకు ఎక్కడ నొప్పి పెట్టిందో రాయండి, నొప్పి పెట్టకపోతే ఎందుకో రాయండి.

ఇంకొకటి, వచ్చే బల్ల ఆరాధన (ప్రభు భోజనం) రోజున గమనించండి: గిన్నె ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్తోంది, ఎవరు చివర తీసుకుంటున్నారు, గిన్నెలు కడిగేది ఎవరు. పేర్లు రాయకండి, చేతుల గురించే రాయండి. హాగరు గురించి రాసే పేజీలో "అహంకారి", "అవిధేయురాలు" అనే మాటలు మొదటి వాక్యంలో కనిపిస్తే వచనం నంబరుతో సహా వెనక్కి పంపుతాను.