నోటి క్యాన్సర్ అని తేలాక ఇంట్లోవాళ్లు చేయాల్సిన పనులు

మాది కొండపి దగ్గర పల్లె. పొగాకు పండించే ఊళ్లు కదా, బుగ్గలో పొగాకు పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. మా పెదనాన్నకు నోటి క్యాన్సర్ వచ్చినప్పుడు ఆసుపత్రుల చుట్టూ తిరిగింది నేనే. ఇప్పుడు చుట్టుపక్కల ఎవరికి వచ్చినా నాకే ఫోన్ చేస్తారు. అందరూ మొదట అడిగేది ఒకటే: "ఎన్నాళ్లు బతుకుతారు అబ్బాయ్?" ఆ లెక్క డాక్టరైనా కచ్చితంగా చెప్పలేరు. కానీ ఆయుష్షును పెంచేవేంటో, తగ్గించేవేంటో తెలుసు. వాటిలో కొన్ని మన చేతిలోనే ఉన్నాయి.

నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే, తెల్లమచ్చో ఎర్రమచ్చో పోకుండా ఉంటే, మూడు వేళ్లు పట్టేంతగా నోరు తెరుచుకోకపోతే ఒంగోలులోనో నెల్లూరులోనో పెద్దాసుపత్రికి వెళ్లండి. పెదనాన్నకు ఊళ్లో ఒకాయన పూతమందు ఇస్తూ నెలలు గడిపేశాడు. ఈలోగా మెడలో బిళ్ల కట్టింది, అంటే అక్కడి లింఫ్ గ్రంథి గట్టిపడి ఉబ్బింది. "పరీక్షకు పుండులోంచి ముక్క తీస్తే (బయాప్సీ) జబ్బు పాకుతుంది" అనే మాట నమ్మకండి. ముక్క పరీక్ష చేస్తేనే అది క్యాన్సరో కాదో తేలేది.

రిపోర్టు చేతికొచ్చాక డాక్టరును రెండు విషయాలు అడగండి: గడ్డ ఎంత పెద్దది, ఎంత లోతుకు దిగింది? మెడ బిళ్లల్లోకి చేరిందా? గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉండి, లోతు 5 మిల్లీమీటర్లు దాటకపోతే అది తొలిదశ గడ్డ. బిళ్లల్లోకి చేరితే మాత్రం బతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే బిళ్ల చేతికి తగలకపోయినా సర్జన్ మెడ ఆపరేషన్ కూడా చేద్దామంటారు. "నోట్లో పుండుకి మెడ కోయడమేంటి" అని మావాళ్లూ గొడవపడ్డారు. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తొలిదశ రోగుల్లో మెడ బిళ్లలు ముందే తీసినవాళ్లు మూడేళ్ల తర్వాత 80 శాతం మంది బతికున్నారు. బిళ్ల కనిపించాక తీద్దామని ఆగినవాళ్లలో 67.5 శాతమే. డాక్టర్ మెడ ఆపరేషన్ చెబితే ఒప్పుకోండి.

ఆపరేషన్ తర్వాత ఇంకో రిపోర్టు వస్తుంది. కోసి తీసిన భాగం అంచుల్లో క్యాన్సర్ ఉన్నా, అది బిళ్ల పొర చీల్చుకుని బయటికి వచ్చినా కరెంటుతో (రేడియేషన్) పాటు కీమో కూడా ఇస్తారు. కరెంటు పెట్టాలంటే ఆపరేషనైన ఆరు వారాల్లోపు మొదలవ్వాలి. మా దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పొగాకు వేలం అయ్యాక చూద్దాం, అమ్మాయి పెళ్లి కానిచ్చి పోదాం అంటారు. దయచేసి ఆగకండి. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు పడుతుంది, మధ్యలో మానకూడదు. రోజూ బస్సులో తిరగలేకపోతే ఆసుపత్రి దగ్గరే గది తీసుకోండి. డబ్బు సంగతి ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కౌంటర్లో మొదటిరోజే అడగండి. కరెంటుకు ముందే పంటి డాక్టరుకు చూపించి పాడైన పళ్లు తీయించండి. తర్వాత తీస్తే దవడ ఎముక మానకుండా పాడయ్యే ప్రమాదం ఉంది.

తిండి విషయంలో నేను ఎవరి మాటా వినను. పథ్యం పేరుతో గుడ్డు, పెరుగు, పప్పు మాన్పించేస్తారు. మనిషి చిక్కిపోతే వైద్యం తట్టుకోలేడు. రాగిజావ, మెత్తగా కలిపిన పప్పన్నం, బాగా చిదిమిన గుడ్డు, ఏది మింగగలిగితే అది కొంచెం కొంచెంగా పెడుతూనే ఉండండి. వారానికోసారి బరువు చూడండి. తిండి పోయడానికి ముక్కు పైపు వేద్దామంటే భయపడకండి, నోరు మానేదాకా బలం నిలబెట్టేది అదే.

పొగాకు, చుట్ట, గుట్కా, వక్క, మద్యం అన్నీ మానాలి. పొగ తాగుతూ కరెంటు పెట్టించుకుంటే అది సరిగా పనిచేయదు, ఇంకోచోట కొత్త క్యాన్సరూ రావచ్చు. మానడం కష్టంగా ఉంటే 1800-11-2356కు ఫోన్ చేయండి, ఉచితం. ఇంట్లో మిగతావాళ్లూ రోగి ఎదుట తాగొద్దు.

జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. కాబట్టి నొప్పి లేదు కదా అని చెకప్ మానకండి. మెడకు కరెంటు పెట్టినవాళ్లకు ఆరు నెలల నుంచి ఏడాదికోసారి థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాలి. మెడలో కొత్తగా గట్టి బిళ్ల చేతికి తగిలితే చెకప్ తేదీ దాకా ఆగకుండా ఆ వారమే తీసుకెళ్లండి.